తగ్గిపోయిందిగా అనుకోకండి!

మెడ పట్టేస్తే "నరం పట్టేసింది" అంటాం. సెలైన్ పెట్టబోయే నర్సు "నరం దొరకడం లేదమ్మా" అంటుంది. గట్టిగా అరిచేవాళ్లని చూసి "మెడ నరాలు తెగేలా ఏమిటా అరుపులు" అంటాం. రక్తం పారే గొట్టమూ మనకి నరమే, మెదడు నుంచి కబురు మోసే తీగా మనకి నరమే. మాటవరసకి ఎలా అన్నా ఫర్వాలేదు గానీ, మెడ విషయంలో ఈ రెండింటికీ ఉన్న తేడా ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాలి.

ఎందుకంటారా? మెడలో కండరమో నరమో బాధపెడితే నొప్పి పుడుతుంది. అమృతాంజనం రాస్తాం, ఉప్పు మూటతో కాపడం పెడతాం, తలగడ మారుస్తాం. కానీ మెడలోని రక్తనాళం పూడుకుపోతుంటే మెడలో ఏ నొప్పీ ఉండదు. అది తన గోడు చేతి ద్వారానో, మాట ద్వారానో, కంటి ద్వారానో చెప్పుకుంటుంది. అదీ ఓ పది నిమిషాలు చెప్పి ఊరుకుంటుంది. మనం "హమ్మయ్య, తగ్గిపోయిందిగా" అనుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోతాం. అసలు చిక్కంతా ఆ ఒక్క మాటతోనే!

రెండు వేళ్లు ఆనించి చూడండి

గొంతు మధ్యలో గట్టిగా తగిలే గొంతుముడి ఉంటుంది కదా, దాని పక్కన, మెడ కండరానికి ముందున్న పల్లంలో రెండు వేళ్లు మెత్తగా ఆనించండి. 'లబ్ లబ్' మని కొట్టుకునేదే కెరోటిడ్ ధమని. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. గట్టిగా నొక్కొద్దు. రెండువైపులా ఒకేసారి అసలే నొక్కొద్దు. 'కెరోటిడ్' అన్న పేరు మగత, మైకం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఇక్కడ నొక్కితే మనిషి సొమ్మసిల్లుతాడని ఆ కాలం వాళ్లకే తెలుసన్నమాట.

గుండెలోంచి బయలుదేరే పెద్ద ధమని ఛాతీలో వంపు తిరిగే చోట ఎడమ కెరోటిడ్ నేరుగా పుడుతుంది. కుడివైపుది మాత్రం కుడి చేతికి వెళ్లే నాళంతో కలిసి పుట్టి, తర్వాత విడిపోతుంది. రెండూ మెడలో పైకి వచ్చి, సుమారు గొంతుముడి పైఅంచు దగ్గర పంగలకర్రలా రెండుగా చీలతాయి. బయటి కొమ్మ ముఖానికి, నాలుకకి, థైరాయిడ్‌కి, తలపై చర్మానికి రక్తం ఇస్తుంది. దానికి 8 శాఖలు. లోపలి కొమ్మ మెడలో ఒక్క శాఖ కూడా ఇవ్వకుండా తిన్నగా పుర్రెలోకి వెళుతుంది. కంటికి ఒక పాయ ఇచ్చి, మెదడు ముందు భాగాన్ని పోషిస్తుంది. ఈ వ్యాసంలో మన కథానాయిక ఆ లోపలి కొమ్మే.

ఇవి కాక మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా వెనకనుంచి ఇంకో రెండు ధమనులు పైకి వెళతాయి. ఈ నాలుగు గొట్టాలూ మెదడు అడుగున ఒక ఉంగరంలా కలుసుకుంటాయి. 1664లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ దీన్ని తన పుస్తకంలో వివరంగా చూపించాడు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకరు. తర్వాత లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టించిన శిల్పి ఆయనే. ఒక గొట్టం పూడితే మిగతావి ఈ ఉంగరం ద్వారా ఆదుకుంటాయి. కాకపోతే ఈ ఉంగరం అందరిలోనూ పూర్తిగా ఉండదు. అందుకే ఒకరికి ఒకవైపు పూర్తిగా మూసుకుపోయినా ఏమీ తెలియదు, ఇంకొకరు కుప్పకూలిపోతారు.

ధమని పక్కనే మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిర, గుండెకీ కడుపుకీ వెళ్లే ఒక ముఖ్యమైన నరం ఉంటాయి. మూడూ ఒకే ఒరలో ఉన్నట్లు ఒకే పొరలో సర్దుకుని ఉంటాయి. ధమని చీలే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. అది రక్తపోటుని కనిపెడుతూ ఉంటుంది. ఆ చీలిక సందులో బియ్యపుగింజంత కణుపు ఒకటుంది. అది రక్తంలో ఆక్సిజన్ తగ్గిందేమో చూసి చెబుతుంది. మనిషి బరువులో మెదడు 2 శాతమే. కానీ గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే కావాలి. ఇంట్లో చిన్నవాడికే పెద్ద వాటా అన్నట్టు!

కాలువ చీలే చోటే పూడిక

కాలువల కింద వ్యవసాయం చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకి తెలుసు. కాలువ తిన్నగా పారే చోట కన్నా, రెండుగా చీలే చోట నీళ్లు సుడి తిరిగి పూడిక పేరుకుంటుంది. మెడలోనూ అంతే. ధమని చీలే చోటే లోపలి గోడకి కొవ్వు, సున్నం పట్టి గట్టిపడుతుంది. రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్, పొగాకు - ఈ నాలుగూ ఆ పూడికకి ఎరువు వేసేవి. పొగ అనగానే మగవాళ్ల సంగతి అనుకోకండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే అవ్వలు ఎంతమంది లేరు? ఇక ముట్లు ఆగిపోయాక ఆడవాళ్లలో రక్తపోటు, కొలెస్ట్రాల్ పెరగడం మామూలే.

గొట్టం సన్నబడి రక్తం చాలకపోవడం ఒక ప్రమాదం. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఆ పూడిక పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డలోంచి చిన్న ముక్క ఊడి పైకి కొట్టుకుపోయి మెదడులో ఏదో సన్నని నాళానికి అడ్డం పడుతుంది. ముక్క చిన్నదైతే కాసేపట్లో కరిగిపోతుంది. అప్పుడు మనిషి మామూలైపోతుంది. పెద్దదైతే పక్షవాతం.

ఆ పది నిమిషాలు ఏం జరుగుతుంది?

మెదడులో ఎడమభాగం శరీరం కుడిపక్కని నడిపిస్తుంది, కుడిభాగం ఎడమపక్కని. కాబట్టి ఎడమ కెరోటిడ్‌లో తేడా వస్తే కుడి చేయి, కుడి కాలు బలహీనపడతాయి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో చాలామందికి మాట కూడా ఎడమ మెదడులోనే ఉంటుంది కనుక మాట ముద్దగా రావడం, ఒకటి అనబోయి ఇంకొకటి అనడం, ఎదుటివాళ్లు చెప్పేది అర్థం కాకపోవడం జరుగుతాయి. మూతి ఒకపక్కకి లాగినట్టవుతుంది.

కంటి సంగతి మాత్రం తిరకాసు. ఏ వైపు ధమని పూడితే ఆ వైపు కన్నే మసకబారుతుంది. ఒక కంటికి తెర దించినట్టు, కిటికీ కర్టెన్ లాగినట్టు చీకటి కమ్మి, కొన్ని నిమిషాల్లో తొలగిపోతుంది. "కంట్లో నలక పడిందేమో" అని నీళ్లు చల్లుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

మరి తలతిరుగుడో? ఏ ఇతర లక్షణమూ లేకుండా ఒట్టి కళ్లు తిరగడం, లేచి నిలబడితే బైర్లు కమ్మడం, మెడ నొప్పి, మెడ ఎముకల అరుగుదల వల్ల చేతుల్లో తిమ్మిర్లు - వీటికి సాధారణంగా కెరోటిడ్ ధమని కారణం కాదు. వాటికీ డాక్టరుకి చూపించుకోవాల్సిందే, కానీ వాటిని చూసి "మెడలో నరం మూసుకుపోయింది" అని హడలిపోనక్కర్లేదు.

తగ్గిపోయిన పక్షవాతాన్ని ఎందుకంత పట్టించుకోవాలి? 2000 సంవత్సరంలో అమెరికా నుంచి వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఇలా వచ్చి తగ్గిపోయినవాళ్లలో దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి మూడు నెలల్లోపు అసలు పక్షవాతం వచ్చింది. అందులోనూ సగం మందికి మొదటి రెండు రోజుల్లోనే! దీనికి రెండో పక్క కూడా చూడండి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటివాళ్లని ఆలస్యం లేకుండా పరీక్షించి, అక్కడికక్కడే మందులు మొదలుపెడితే, మూడు నెలల్లో మళ్లీ పక్షవాతం వచ్చేవాళ్లు 10.3 శాతం నుంచి 2.1 శాతానికి తగ్గారు. ఇది 2007లో ప్రచురించిన లెక్క. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందుల్నే త్వరగా ఇచ్చారు, అంతే.

"ఒక్క చెయ్యే ఎందుకు పడిపోతుంది?"

గుంటూరు జిల్లాలో ఉండే మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఇది కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడు ఆవిడకి 64 ఏళ్లు. ద్వాదశి పొద్దున పచ్చడికి పోపు వేస్తుంటే కుడిచేతిలోంచి గరిటె జారిపడింది. తీసుకోబోతే చెయ్యి లేవలేదు. కోడల్ని పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. కోడలు పరుగున వచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. పావుగంటలో చెయ్యి ఆడింది, మాట వచ్చింది.

"ఏమీ లేదే అమ్మాయ్. నిన్న ఏకాదశి ఉపవాసం కదా, నీరసం" అని పెద్దమ్మ లేచి మళ్లీ పొయ్యి వెలిగించబోయిందట.

"నీరసమైతే రెండు చేతులూ నీరసపడాలి గానీ, ఒక్క కుడిచెయ్యే ఎందుకు పడిపోతుంది అత్తయ్యా? చీర మార్చుకోండి, వెళ్దాం" అంది కోడలు.

ఆ అమ్మాయి నర్సూ కాదు, డాక్టరూ కాదు. ఇంటర్ దాకా చదువుకుని పెళ్లి చేసుకుంది. కానీ ఆ ఒక్క ప్రశ్నే పెద్దమ్మని కాపాడింది. ఆసుపత్రిలో మెడకి స్కానింగ్ చేస్తే ఎడమ ధమని 80 శాతం పూడి ఉంది. మందులు మొదలుపెట్టి, ఆపరేషన్ కూడా చేయాలన్నారు డాక్టర్లు.

అక్కడ మొదలైంది అసలు రభస. మెడ కోయడమా అని ఒకరు, పసరు మందు ఇచ్చేవాళ్లున్నారని ఒకరు, పావురం రక్తంతో మర్దనా చేస్తే సరిపోతుందని ఇంకొకరు. పెద్దమ్మకేమో నెలరోజుల్లో మనవరాలి పెళ్లి. "పెళ్లి కానివ్వండ్రా. ఈ వయసులో నాకెందుకు ఆ ఖర్చు?" అని ఒకటే గొడవ. చివరికి డాక్టరుగారు అందర్నీ కూర్చోబెట్టి, "అమ్మా, ఈ ఆపరేషన్ ఫలితం మీ వయసు మీద కన్నా క్యాలెండర్ మీద ఎక్కువ ఆధారపడి ఉంది" అన్నారట. తొమ్మిదో రోజున ఆపరేషన్ అయింది. తర్వాత రెండు నెలలు నాలుక చాపితే కొంచెం ఎడమకి వంకరపోయేది, అన్నం నమలడం ఇబ్బందిగా ఉండేది. అదీ సర్దుకుంది. మనవరాలి పెళ్లిలో తలంబ్రాల బియ్యం ఆవిడే కలిపింది.

డాక్టరుగారు అన్న ఆ క్యాలెండర్ మాట ఊరికే అన్నది కాదు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

లండన్‌లో ఒక ఇల్లాలు

మెదడులో వచ్చే జబ్బుకి మూలం మెడలో ఉండొచ్చని గట్టిగా చెప్పినవాడు కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్. 1951లో ఆయన తన పరిశీలనలు ప్రచురించాడు. ఏదో ఒకరోజు మెడలోని ఈ నాళానికి ఆపరేషన్ చేసి పక్షవాతాన్ని ఆపగలుగుతారని కూడా అందులో ఊహించాడు. ఎంతో కాలం పట్టలేదు. 1953 ఆగస్టులో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ 53 ఏళ్ల బస్సు డ్రైవరుకి ధమని తెరిచి పూడిక తీసేశాడు. అయితే ఆ సంగతి ఆయన 1975 దాకా వివరంగా ప్రచురించలేదు. ఆ డ్రైవరు తర్వాత 19 ఏళ్లు పక్షవాతం లేకుండా బతికాడు.

ప్రపంచానికి మొదట తెలిసి, అందరి కళ్లూ తెరిపించిన ఆపరేషన్ మాత్రం 1954 మే 19న లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో జరిగింది. రోగి ఎవరనుకున్నారు? 66 ఏళ్ల ఒక మామూలు ఇల్లాలు. అయిదు నెలల్లో ఆవిడకి 33 సార్లు ఇలా వచ్చి తగ్గిపోయింది! కుడిపక్క పడిపోవడం, మాట పోవడం, ఎడమ కన్ను మసకబారడం. ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ అనే ముగ్గురు వైద్యులు ఆవిడ శరీరాన్ని ఐసుతో సుమారు 28 డిగ్రీల వరకు చల్లబరిచారు. రక్తం కాసేపు ఆగినా మెదడు తట్టుకోవాలని అలా చేశారు. ధమనిలో పూడిన భాగాన్ని కోసి తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టేశారు. ఆ 33 తర్వాత 34వది రాలేదు.

తగ్గిపోయిందిగా అనుకోకుండా ఆవిడ పదేపదే చెప్పుకోబట్టే, వైద్యులు ఆ మాటని చెవిన పెట్టబట్టే ఈ వైద్యం పుట్టింది.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

ముందు పరీక్షల సంగతి. మొదటిది డాప్లర్ స్కానింగ్. కడుపుతో ఉన్నప్పుడు మనకి చేసే స్కానింగ్ లాంటిదే. మెడ మీద జిగురు రాసి చిన్న పరికరాన్ని కదిలిస్తారు. సూది లేదు, నొప్పి లేదు. ధమని ఎంత సన్నబడిందో, రక్తం ఎంత వేగంగా పోతోందో తెలిసిపోతుంది. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఇగాస్ మోనిజ్ మెడ ధమనిలోకి మందు ఎక్కించి మెదడు నాళాలకి ఎక్స్‌రే తీసినప్పుడు అదే పెద్ద వింత. ఇప్పుడు అవసరాన్ని బట్టి సి.టి., ఎం.ఆర్. యాంజియోగ్రామ్‌లు కూడా తీస్తారు.

ఆపరేషన్‌కి పూర్తి మత్తు ఇవ్వవచ్చు, లేదా మెడ వరకే తిమ్మిరి ఎక్కించి మనిషి మెలకువగా ఉండగానే చేయవచ్చు. రెండు పద్ధతుల్లోనూ ఫలితం ఒకేలా ఉందని 2008లో వచ్చిన పెద్ద పరిశీలనలో తేలింది. చెవి కింద నుంచి మెడ కండరం అంచు వెంబడి గాటు పెడతారు. రక్తం గడ్డకట్టకుండా మందు ఇచ్చి, ధమనికి పైనా కిందా క్లిప్పులు పెట్టి, నిలువుగా కోస్తారు. మెదడుకి రక్తం తగ్గుతుందనుకుంటే సన్నని ప్లాస్టిక్ గొట్టం ద్వారా తాత్కాలికంగా పక్కదారి ఇస్తారు. మన రోడ్డుకి మరమ్మతు చేసేటప్పుడు పక్కనుంచి దారి మళ్లిస్తారు చూడండి, అలాగన్నమాట. తర్వాత గోడకి పట్టిన పూడికని బత్తాయి తొక్క ఒలిచినట్టు ఒలిచేస్తారు. కుట్టేటప్పుడు ధమని సన్నబడకుండా తరచూ చిన్న అతుకు వేస్తారు, జాకెట్టు బిగుతైతే మనం చంకలో ముక్క వేసినట్టు.

ఎవరికి మేలు? ఎప్పుడు మేలు?

ఇది పోయిన చేతిని తెచ్చే ఆపరేషన్ కాదు. రాబోయే పక్షవాతాన్ని ఆపే ఆపరేషన్. ఈ తేడా తెలియక "ఆపరేషన్ చేసినా చెయ్యి రాలేదు" అని బాధపడేవాళ్లున్నారు.

1991లో అమెరికా, కెనడా వైద్యులు హెన్రీ బార్నెట్ ఆధ్వర్యంలో ఒక పెద్ద పరిశీలన ఫలితం వెల్లడించారు. లక్షణాలు కనిపించి, ధమని 70 నుంచి 99 శాతం పూడినవాళ్లలో, ఒట్టి మందులతో ఉన్నవారిలో రెండేళ్లలో 26 శాతం మందికి ఆ వైపు పక్షవాతం వచ్చింది. ఆపరేషన్ కూడా చేయించుకున్నవారిలో 9 శాతం మందికే వచ్చింది. 50 నుంచి 69 శాతం పూడినవాళ్లకి లాభం తక్కువ. 50 కన్నా తక్కువైతే లాభం లేదు. నూటికి నూరు శాతం మూసుకుపోతే సాధారణంగా ఆపరేషన్ చేయరు. అప్పటి కన్నా ఇప్పుడు మందులు మెరుగయ్యాయి కాబట్టి, ఏ లక్షణమూ లేకుండా ఏదో చెకప్‌లో పూడిక బయటపడ్డవాళ్ల విషయంలో డాక్టర్లు ఆచితూచి నిర్ణయిస్తారు. వాళ్లు కంగారు పడి ఆపరేషన్‌కి పరిగెత్తక్కర్లేదు.

ఇక మన ఆడవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఇలాంటి పరిశీలనలన్నీ కలిపి ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు పీటర్ రాత్‌వెల్ బృందం 2004లో లెక్కలు కట్టింది. ధమని సగానికి పైగా పూడి, లక్షణాలు వచ్చిన రెండు వారాల్లోపు చేస్తే ప్రతి అయిదు ఆపరేషన్లకీ ఒక పక్షవాతం తప్పింది. 12 వారాలు దాటాక చేస్తే ఒక పక్షవాతాన్ని తప్పించడానికి 125 ఆపరేషన్లు కావలసి వచ్చాయి. ఆలస్యమయ్యేకొద్దీ ఈ లాభం మగవాళ్లలో నెమ్మదిగా తగ్గింది, ఆడవాళ్లలో చాలా త్వరగా పడిపోయింది. బాగా పూడిన ధమనితో రెండు వారాల్లోపు వచ్చిన ఆడవాళ్లకే స్పష్టమైన మేలు కనిపించింది.

చూశారా విడ్డూరం! త్వరగా వెళ్లాల్సిన అవసరం మనకే ఎక్కువ. "పిల్లల పరీక్షలు కానీ", "ఆయనకి సెలవు దొరకనీ", "పండగ వెళ్లనీ" అని వాయిదా వేసుకునేదీ మనమే.

మరి స్టెంటు?

గుండెకి వేసినట్టే మెడ ధమనికీ తొడ దగ్గరనుంచి సన్నని గొట్టం పంపి స్టెంటు వేయవచ్చు. కోత లేదు కదా అని మనసు అటే మొగ్గుతుంది. 2010లో అమెరికా, కెనడాల నుంచి వెలువడిన పరిశీలనలో 2,502 మందిని చూశారు. చికిత్స జరిగిన రోజుల్లో పక్షవాతం స్టెంటు వేసినవారిలో 4.1 శాతం, ఆపరేషన్ చేసినవారిలో 2.3 శాతం. గుండెపోటు మాత్రం స్టెంటులో 1.1, ఆపరేషన్‌లో 2.3 శాతం. సుమారు 70 దాటినవాళ్లకి ఆపరేషనే మెరుగనిపించింది. గతంలో మెడకి రేడియేషన్ ఇచ్చినవాళ్లకి, ఆపరేషన్ తట్టుకోలేని గుండె ఉన్నవాళ్లకి స్టెంటు ఆలోచిస్తారు. ఏది మంచిదన్నది మనిషిని బట్టి నిర్ణయించాల్సిందే.

ఆపరేషన్‌లో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఆపరేషన్ వల్లే పక్షవాతం రావచ్చు, గుండెపోటు రావచ్చు. లక్షణాలున్నవారిలో పక్షవాతం, మరణం కలిపి 6 శాతానికి లోపు ఉంటేనే ఆ ఆపరేషన్ చేయదగ్గదని వైద్యుల నియమం. చుట్టూ ఉన్న నరాలు లాగుడు పడితే గొంతు బొంగురుపోవడం, నాలుక పక్కకి పోవడం, పెదవి మూల వాలడం ఉంటాయి. చాలావరకు కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతాయి. మెడ గాటు దగ్గర ఉబ్బి ఊపిరాడకపోయినా, ఇంటికొచ్చాక భరించలేని తలనొప్పి, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సంతకం పెట్టే ముందు మొహమాటపడకుండా అడగండి. "ఎంత శాతం పూడింది? నాకొచ్చిన లక్షణం ఈ వైపుదేనా? మీ దగ్గర ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని జరుగుతాయి, ఎందరికి పక్షవాతం వచ్చింది? ఎన్ని రోజుల్లో చేస్తారు? ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు వర్తిస్తుందా?" అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని భయం వద్దు. మంచి డాక్టరు మెచ్చుకుంటారు.

మన దగ్గర సంగతులు

ప్రతి పక్షవాతానికీ మెడే కారణం కాదు. గుండెలోంచి గడ్డ రావచ్చు, మెదడులోని సన్న నాళాలు మూసుకుపోవచ్చు, నాళం చిట్లి రక్తం కారవచ్చు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2002లో ప్రచురించిన పరిశీలనలో, మనవాళ్లకి పెద్ద నాళాల పూడిక మెడలో కన్నా పుర్రె లోపలే ఎక్కువగా కనిపించింది. పుర్రె లోపలి పూడికకి ఈ మెడ ఆపరేషన్ పనికిరాదు, ముఖ్యంగా మందులే. అందుకే పరీక్షలన్నీ పూర్తయ్యాకే నిర్ణయం.

వయసులో ఉన్న ఆడపిల్లలకి వచ్చే తకయాసు జబ్బు ఇంకొకటుంది. 1908లో దీన్ని వివరించిన జపాన్ కంటి వైద్యుడి పేరే దానికి పెట్టారు. మన దేశంతో సహా ఆసియాలో ఎక్కువ. ధమనుల గోడలు వాచి సన్నబడతాయి. చేతి నాడి దొరకదు, రెండు చేతుల్లో రక్తపోటు వేరువేరుగా ఉంటుంది, పని చేస్తుంటే చెయ్యి పీకుతుంది. దీనికి ముందు వాపు తగ్గించే మందులే ఇస్తారు.

ఇంకో ముచ్చట. 1993లో అమెరికా వైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్, బ్యూటీ పార్లర్లో తల స్నానం కోసం మెడ బాగా వెనక్కి వాల్చడం వల్ల మెదడుకి రక్తం తగ్గిన అయిదుగురి సంగతి రాశాడు. ఇది బహు అరుదు, పార్లర్ మానేయనక్కర్లేదు. మెడ కింద తువ్వాలు పెట్టమనండి, నొప్పిగా ఉంటే లేచి కూర్చోండి. అలాగే మీవారు క్షవరం తర్వాత మెడ 'టక్' మనిపించుకుంటారా? మానమని చెప్పండి. ఆ కుదుపుకి ధమని లోపలి పొర చీలిన సందర్భాలున్నాయి.

ఇంట్లో ఏం చేయాలి?

మూతి వంకరైనా, ఒక చెయ్యి తేలిపోయినా, మాట తడబడినా, ఒక కంటికి తెర పడినా గడియారం చూసి టైము రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయకండి, మాత్రలు వేయకండి. మింగడం రాక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంట్లో ఉన్న ఆస్ప్రిన్ కూడా వద్దు. మెదడులో రక్తం కారిందో, గడ్డ అడ్డం పడిందో స్కానింగ్ తీస్తే గానీ తెలియదు. గడ్డ కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లోపు పనిచేస్తుంది. దారిలోనే తగ్గిపోయినా వెనక్కి తిరగకండి. వెళ్లి, "మెడకి డాప్లర్ చేస్తారా?" అని అడగండి.

ఆ తర్వాత మందులు ఆపకండి. ఆపరేషన్ అయినా రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, రక్తపోటు మాత్ర కొనసాగించాల్సిందే. ఒకవైపు పూడిక తీసేసినంత మాత్రాన రెండోవైపు పేరుకోవడం ఆగదు కదా! ఆవకాయ జాడీ కాస్త దూరం పెట్టండి, సాయంత్రం పూట నడవండి, ఇంట్లో చుట్టా బీడీ ఏదున్నా మాన్పించండి.

అత్తగారికి మోకాలు నొప్పి వస్తే ఆటో పిలిచేది మనమే, మామగారి రక్తపోటు మాత్రలు గుర్తుపెట్టుకునేదీ మనమే. కానీ మన చెయ్యి పది నిమిషాలు పడిపోతే, ఆ సంగతి భర్తకి కూడా చెప్పకుండా దాచేస్తాం. "అందర్నీ హడావిడి పెట్టడం ఎందుకు?" అని. ఆ హడావిడి పెట్టాల్సిన రోజు ఏదైనా ఉంటే అది ఇదే. ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ నాలుగు లక్షణాలూ ఇంట్లో అందరికీ చెప్పండి. అమ్మకి వస్తే ఏం చేయాలో పిల్లలకీ తెలియాలి కదా, ఏమంటారు?